కెమెరా ఉన్నా మెడ తిప్పాల్సిందే

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో కొత్త కార్ల సౌకర్యాల మీద వచ్చిన వ్యాసం చదివాను. పక్క అద్దాల కింద కెమెరాలు వచ్చేశాయి కాబట్టి డ్రైవరు మెడ తిప్పి భుజం మీదుగా చూసుకునే పని ఇక తప్పిందని అందులో రాశారు. మిగతా వ్యాసమంతా బాగుంది, తెలియని సంగతులు చాలా చెప్పారు. ఆ ఒక్క మాట మాత్రం నమ్ముకుని మా కోనసీమ రోడ్డెక్కితే ఎవరో ఒకరి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను అంబాజీపేటలో కారు నేర్పుతాను. అంతకుముందు చాలా ఏళ్లు కొబ్బరి లోడు లారీ తోలాను. కెమెరాలంటే నాకేమీ పడకపోవడం లేదు. ఈమధ్య నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇంట్లో కొత్త కారు కొనుక్కుని, దాని మీద చెయ్యి కుదరడానికి వచ్చేవాళ్లే. వాళ్ల కార్లలోనే వాళ్లకి నేర్పిస్తూ ఏ కెమెరా ఏది చూపిస్తుందో, ఏది చూపించదో దగ్గరుండి చూశాను. ఆ చూసిన దాన్నిబట్టే చెబుతున్నాను.

స్టీరింగు పట్టుకునే ముందే నేర్చుకునేవాళ్ల చేత ఒక పని చేయిస్తాను. కొబ్బరి ఒలిచే షెడ్డు ముందు ఖాళీ స్థలంలో కారు ఆపి, వాళ్లని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, కుడి అద్దం మీంచి చూపు తియ్యొద్దంటాను. షెడ్డులో పనిచేసే కుర్రాడు ఒకడు కారు వెనక నుంచి సైకిలు నడిపించుకుంటూ కుడి పక్కగా వస్తాడు. సైకిలుకి రెండు వైపులా అరటి గెలలు వేలాడుతుంటాయి. రావులపాలెం యార్డుకి గెలలు వెళ్లే సైకిలు ఎలా ఉంటుందో అచ్చం అలాగే కట్టిస్తాను. అద్దంలో మొదట మనిషి, గెలలు, ముందు చక్రం అన్నీ కనిపిస్తాయి. వెనక తలుపు దగ్గరికి వచ్చేసరికి అద్దం అంచు దాటి కుర్రాడు మాయమైపోతాడు. అక్కడే ఆగమంటాను. "ఇప్పుడెక్కడున్నాడమ్మా?" అని అడిగితే "వెళ్లిపోయాడండి మేస్టారూ" అంటారు. మెడ తిప్పి చూడమంటాను. చెయ్యి చాపితే అందేంత దూరంలో, గెలల మధ్య నిలబడి ఉంటాడు. ఒకావిడ ఉలిక్కిపడి తలుపు వైపు నుంచి పక్కకి జరిగిపోయింది. అప్పటికి కారు ఇంజను కూడా స్టార్టు చెయ్యలేదు.

ఇదే పని కెమెరా ఉన్న కార్లతోనూ చేయించాను. హోండా సిటీ, ఎలివేట్ లాంటి వాటిలో లేన్ వాచ్ అని ఉంటుంది. కెమెరా ఎడమ అద్దం కింద ఒక్కటే. ఎడమ ఇండికేటర్ వేస్తే గానీ, ఇండికేటర్ కాడ చివరనున్న బటన్ నొక్కితే గానీ ఎడమ పక్కంతా మధ్య స్క్రీను మీదికి వస్తుంది. దూరం అంచనాకి దాని మీద మూడు గీతలు కూడా ఉంటాయి. కియా, హ్యుందాయ్, మహీంద్రా ఎక్స్‌యూవీ 700 లాంటి వాటి పై రకాల్లో రెండు వైపులా కెమెరాలుంటాయి. ఎటు ఇండికేటర్ వేస్తే అటు బొమ్మ స్టీరింగు ముందున్న మీటరులో కనిపిస్తుంది.

ఎడమ పక్క విషయంలో నిజం చెప్పాలి. అక్కడ కెమెరా మనిషి కన్ను కంటే బాగా చూస్తుంది. కారు నిండా చుట్టాలు, వెనక సీటు మీద ముగ్గురు, వాళ్ల ఒళ్లో సంచులు, పూతరేకుల పెట్టెలు ఉన్నప్పుడు మెడ ఎంత తిప్పినా ఎడమ వెనక కిటికీలోంచి ఏమీ కనపడదు. కుర్రాడు సైకిలుతో ఎడమ పక్క నడిచి వస్తే కెమెరాలో మొదటి నుంచి చివరిదాకా కనిపించాడు, ఎక్కడా తప్పిపోలేదు. కుడి పక్కన కెమెరా లేని కార్లో అదే కుర్రాడు కుడి నుంచి వస్తే మళ్లీ మామూలు కథే. అంటే కొన్ని కార్లలో ఆ సదుపాయం ఒక పక్కకే. కొన్నవాళ్లలో చాలామంది ఆ సంగతి గమనించనే లేదు. "కెమెరా ఉందిగా అండి" అంటారు, ఎటు ఉందో అడిగితే ఆలోచిస్తారు.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. ఆ కెమెరా దానంతటది మేల్కొనేది ఇండికేటర్ వేస్తేనే. మన రోడ్ల మీద ఇండికేటర్ ఎవరు వేస్తున్నారు? ఎదురుగా ఆర్టీసీ బస్సు వస్తే రోడ్డు చాలక మనమంతా చేసేది ఒకటే, స్టీరింగు కొంచెం ఎడమకి లాగి సైడ్ ఇవ్వడం. దానికి ఎవ్వరూ ఇండికేటర్ వెయ్యరు, అప్పుడు వేసే టైమూ ఉండదు. లొల్ల లాకుల దగ్గర కాలువ గట్టు రోడ్డు మీద ఒక్కసారి నిలబడి చూడండి. ఒక పక్క కాలువ, ఇంకో పక్క వరిచేను పల్లం. కారు రెండు అడుగులు ఎడమకి జరిగితే దాని పక్కనున్న సైకిలు వాడికి మిగిలేది గడ్డి అంచు. కారు అద్దం కూడా వాడికి తగలక్కర్లేదు. గెల కాడ కారుకి రాసుకుంటే చాలు, బరువంతా ఒక్కసారి పక్కకి గుంజి సైకిలుతో సహా కాలువలో పడతాడు. అలాంటి చోట కెమెరా నిద్రపోతూనే ఉంటుంది.

పైగా ఆ కళ్లకి మన వాతావరణం పడదు. పుష్యమాసం తెల్లవారుఝామున మంచు పడితే లెన్సు మీద తడి పేరుకుంటుంది, ముందు అద్దం వైపరుతో తుడుచుకుంటాం గానీ ఆ బుల్లి లెన్సుని ఎవరు తుడుస్తారు? వానాకాలంలో పంట చేల మధ్య రోడ్ల మీద ట్రాక్టరు చక్రాలకి అంటిన బురద రోడ్డంతా పరుచుకుంటుంది, భీమవరం, ఆకివీడు వైపు చెరువుల రోడ్లయితే రొయ్యల బండ్ల నుంచి కారిన నీళ్లు సరేసరి. అద్దం కింద ఉన్న కెమెరాకి ఆ చిమ్ములు ముందు తగులుతాయి. సాయంత్రం పూట పడమటి సూర్యుడు కారు వెనక ఉండి లెన్సుకి ఎదురైతే స్క్రీను తెల్లబడుతుంది. రాత్రి వెనకొచ్చే లారీ హెడ్‌లైట్లు పడితే బొమ్మ మధ్యలో తెల్లటి మచ్చ తప్ప ఇంకేమీ ఉండదు, లైట్లు లేని సైకిలు ఆ మచ్చ పక్కనే ఉన్నా తెలియదు.

బొమ్మ స్పష్టంగా ఉన్నప్పుడు కూడా ఒక మోసం ఉంది. వెడల్పుగా చూపించాలని ఆ లెన్సుని అలా తయారు చేస్తారు. అందులో దగ్గరున్నదీ దూరంగా కనిపిస్తుంది, చిన్నదిగానూ కనిపిస్తుంది. కారో లారీయో అయితే పెద్ద ఆకారం కాబట్టి పోల్చుకుంటాం. మా దగ్గర మన పక్కకి వచ్చేవి కార్లు కావు. టీవీఎస్ ఎక్సెల్ మీద కొబ్బరికాయల బస్తా కట్టుకుని వచ్చేవాడు, బడికి సైకిళ్ల మీద వరుసలో పోయే ఆడపిల్లలు, ఎడమ నుంచి దూరిపోయే బుల్లెట్ బండి కుర్రాడు. అరచేతి అంత స్క్రీనులో వీళ్లు అగ్గిపుల్ల అంత ఉంటారు.

లారీ తోలిన వాణ్ణి కాబట్టి కెమెరా ఎంత అవసరమో నాకు తెలుసు. లారీలో మెడ తిప్పితే కనిపించేది క్యాబిన్ గోడే. అందుకే ఆ రోజుల్లో ఎడమ పక్క క్లీనరు కూర్చునేవాడు. తలుపు మీద చెయ్యేసి బయటికి వాలి, "రానీ రానీ... సైకిలుంది గురూ, ఆగాగు... పోనీయ్!" అని తలుపు తట్టేవాడు. అంబాజీపేట సందుల్లో, బస్తాలు దింపే కొట్ల ముందు ఆ తట్టుడే నాకు ఎడమ కన్ను. క్లీనరు ఒక్కసారి గట్టిగా తడితే బ్రేకు మీద కాలు పడిపోయేది, ఎందుకని అడిగేది తర్వాత. ఇప్పుడు చాలా లారీల్లో క్లీనరు లేడు, జీతం గిట్టదని మానేశారు. ఆర్టీసీలో కూడా కండక్టరు లేకుండా డ్రైవరే టిక్కెట్లు కొట్టే బస్సులు తిరుగుతున్నాయి. ఎడమ పక్క చూసే మనిషిని తీసేశాక అక్కడ కెమెరా పెట్టి తీరాలి. యూరప్‌లో 2022 జూలై నుంచి కొత్త నమూనా లారీలకు, బస్సులకు, 2024 జూలై నుంచి కొత్తగా రిజిస్టరయ్యే ప్రతి లారీకి, బస్సుకి పక్కనున్న సైకిలు గురించి హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి చేశారు. ఇక్కడి ఇసుక లారీలకి, కొబ్బరి లారీలకి అలాంటిది ముందు కావాలి. మీ వ్యాసంలో లగ్జరీ కార్ల గురించి రాసినంత ఓపిగ్గా దీని గురించి కూడా రాయించండి.

కారు వేరు. కార్లో డ్రైవరు భుజం పక్కనే గాజు ఉంది. ఆ గాజులోంచి చూడడానికి ఖర్చు లేదు, తుడుచుకోవాల్సిన లెన్సు లేదు, ఇండికేటర్ కోసం ఆగక్కర్లేదు. చూడకపోవడానికి కారణం ఒక్కటే, అలవాటు లేకపోవడం. రివర్స్ సెన్సార్ల విషయంలో ఇది కళ్లారా చూశాను. 2019 జూలై 1 నుంచి తయారయ్యే కొత్త కార్లకి ఆ సెన్సార్లు తప్పనిసరి. మంచి నిర్ణయమే. కానీ ఆ తర్వాత నేర్చుకున్నవాళ్లలో వెనక్కి తిరిగి చూసి రివర్స్ చేసేవాడు కనిపించడం లేదు, కూత వినపడేదాకా ఎక్స్‌లేటర్ మీదే ఉంటారు. వెనక గోడుంటే సెన్సారు కూస్తుంది. వెనక కాలువ ఉంటే? శబ్దం తగిలి తిరిగి రావడానికి అక్కడ ఏమీ ఉండదు, కాబట్టి కూయదు. గట్టు మీద కారు తిప్పుకునే చోట సెన్సారు మౌనంగా ఉందంటే దారి ఉందని కాదు. పక్క కెమెరాలతోనూ అదే జరుగుతుందని నా భయం.

మెడ తిప్పడమంటే వెనక సీటు వాళ్లతో మాట్లాడుతున్నట్టు ఒళ్లంతా తిప్పడం కాదు. చాలామంది దాన్నే భుజం చూపు అనుకుని, ప్రమాదమని మానేస్తారు. వాళ్ల భయంలోనూ న్యాయముంది. 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. అంతసేపు వెనక్కి తిరిగి ఉంటే ముందు ఆటో బ్రేకు వేసిన సంగతి తెలియదు. కొత్తవాళ్లకి ఇంకో ఇబ్బంది, కన్ను ఎటు తిరిగితే స్టీరింగు కూడా అటే లాగేస్తారు. అందుకని నేను చెప్పే వరుస ఇది. ముందు బండికి తగినంత దూరం వదలాలి. లోపలి అద్దం, పక్క అద్దం చూడాలి. ఇండికేటర్ వెయ్యాలి, కెమెరా ఉంటే దాన్నీ ఒకసారి చూడాలి. చివర్న, స్టీరింగు తిప్పడానికి ముందు, గడ్డం భుజానికి ఆనేదాకా తల తిప్పి, పక్క కిటికీలోంచి ఒక్క చూపు చూసి, మళ్లీ ముందుకి రావాలి. సెకను కూడా పట్టదు. ఆ చూపు కారు పక్కనున్న ఖాళీ కోసమే, వెనక రోడ్డంతా చూడడానికి కాదు, అది అద్దాల పని. స్టీరింగు మాత్రం చేతుల్లో బిగించి పట్టుకుని ఉండాలి. నేను పక్క సీట్లో కూర్చుని మొదట్లో ఆ చూపు చూసేటప్పుడు స్టీరింగు మీద ఒక వేలు ఆనించి ఉంచుతాను, కొన్నాళ్లకి అవసరం ఉండదు.

అద్దాలు సరిగా పెట్టుకున్నా సగం బాధ తగ్గుతుంది. 1995లో అమెరికాలో జార్జ్ ప్లాట్జర్ అనే ఇంజనీరు ఎస్‌ఏఈ అనే వాహన ఇంజనీర్ల సంఘానికి సమర్పించిన పత్రంలో దీనికి మంచి పద్ధతి చెప్పాడు. మన కుడి స్టీరింగుకి మార్చుకుంటే ఇలా ఉంటుంది. తల కుడి కిటికీ అద్దానికి ఆనించి, కారు ఒంటి పక్క కొంచెమే కనిపించేలా కుడి అద్దం బయటికి తిప్పాలి. తర్వాత కారు మధ్యకి వాలి ఎడమ అద్దం కూడా అలాగే తిప్పాలి. మామూలుగా కూర్చున్నాక సొంత కారు ఏ అద్దంలోనూ కనపడదు. మొదట కంగారు పుడుతుంది, కానీ లోపలి అద్దంలోంచి మాయమైన బండి పక్క అద్దంలో దొరుకుతుంది, అక్కడినుంచి దాటగానే కంటి కొసకి అందుతుంది. మనవాళ్లు అద్దంలో సగం తమ కారు తలుపులే చూసుకుంటారు, ఆ తలుపులు ఎక్కడికీ పోవు కదా. ఈ పద్ధతి కార్ల మధ్య బాగా పనిచేస్తుంది. సన్నటి సైకిలు ఇంకా తప్పించుకుంటుంది, అందుకే మెడ తిప్పడం మానొద్దంటున్నాను.

కారు ఆపాక కూడా చూపు అవసరమే. అమలాపురం గడియార స్తంభం సెంటర్‌లో రోడ్డు పక్క కారు ఆపి, ఇంజను కట్టేసి, కుడి తలుపు ఒక్క ఊపున తెరిచేవాళ్లని రోజూ చూస్తున్నాం. ఇంజను కట్టేస్తే కెమెరా కూడా లేనట్టే. ఆ తలుపు ఏ స్కూటరు మీద వచ్చే తల్లికో, వెనక కూర్చున్న బిడ్డకో తగులుతుంది. తలుపు ఎడమ చేత్తో తెరవమని నేర్పుతాను. ఎడమ చెయ్యి కుడి తలుపుకి అందాలంటే ఒళ్లు తిరుగుతుంది, ఒళ్లు తిరిగితే కన్ను వెనక్కి పోతుంది.

మెడ నొప్పి ఉన్నవాళ్లు, పెద్దవయసువాళ్లు ఏం చెయ్యాలని అడుగుతారు. మెడ తిరగనివాళ్లకి కెమెరా నిజంగా వరమే, వాళ్లు కొనుక్కోవాలి, రెండు వైపులా ఉన్నది చూసి కొనుక్కోవాలి. తిరిగే మెడ ఉన్నవాళ్ల గురించే నా గోల.

ఇక లైసెన్సు పరీక్ష. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 15వ నిబంధన డ్రైవింగ్ పరీక్షలో ఏమేం చూడాలో చెబుతుంది. సిగ్నల్ ఇచ్చే ముందు అద్దాన్ని సరిగా వాడడం, తగిన సిగ్నల్‌తో జాగ్రత్తగా లేన్ మారడం అందులో ఉన్నాయి. మెడ తిప్పి చూడమని విడిగా ఒక మాట లేదు. బ్రిటన్ కూడా మనలాగే ఎడమ పక్కన నడిచే దేశం, అక్కడి హైవే కోడ్ 159వ నియమం బండి కదిలించే ముందు అద్దాలన్నీ చూడాలి, అద్దాల్లో కనపడని చోట్లని తల తిప్పి చూసుకోవాలి అని రెండూ విడివిడిగా రాసింది. మన దగ్గర ఎనిమిది వెయ్యడం, రివర్స్ రావడం వస్తే పాసు. నేర్చుకునేవాడు పరీక్షలో అడిగేదే నేర్చుకుంటాడు, ఎంత చెప్పినా ట్రాకు దగ్గర అడగనిదాన్ని వారం రోజుల్లో మర్చిపోతాడు. నిబంధన మార్చడం ఢిల్లీ పని కావచ్చు. బండి కదిలించే ముందు, మలుపు తిరిగే ముందు భుజం మీదుగా చూశాడా లేదా అని పరీక్ష పెట్టే బ్రేకు ఇన్‌స్పెక్టరు గారు గమనించడానికి మాత్రం ఢిల్లీ ఉత్తర్వు అక్కర్లేదు. చూడనివాణ్ణి ఒక్కసారి మళ్లీ రమ్మంటే చాలు, మా స్కూళ్లన్నీ మర్నాటి నుంచే నేర్పడం మొదలుపెడతాయి.

బండి మీద వెళ్లే కుర్రాళ్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. వాళ్లకి కెమెరా లేదు, ఉన్న అద్దాలు అందానికి అడ్డమని విప్పేస్తారు. వాళ్లకి మెడ తప్ప ఇంకేమీ మిగలలేదు. హెల్మెట్ గురించి చెప్పే ప్రతిచోటా ఈ మాట కూడా చెప్పాలి.

సంక్రాంతి దగ్గరకొస్తోంది. హైదరాబాద్, బెంగళూరు నుంచి కొత్త కార్లు 16వ నంబరు హైవే మీద రావులపాలెం దాకా బారులు తీరి వస్తాయి, అక్కడ దిగి మా గట్టు రోడ్లెక్కుతాయి. వాళ్లకి నాలుగు వరుసల రోడ్డు అలవాటు, పక్కన వచ్చేది కారే అన్న అలవాటు. 216వ నంబరు హైవే మీద కూడా అంతే, సైకిలు వాణ్ణి దాటి, వెంటనే ఊళ్లోకి ఎడమకి తిరిగేస్తారు, దాటేసిన సైకిలు ఇంకా పక్కనే ఉందని గుర్తుండదు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి చుట్టుపక్కల ఊళ్ల జనమంతా నడిచి, సైకిళ్ల మీద, బళ్ల మీద అదే రోడ్డుకి వస్తారు. సంపాదకులు దయచేసి ఆ వ్యాసంలోని మాటకి సవరణ వేసి, అద్దాలు ఎలా పెట్టుకోవాలో, మెడ ఎప్పుడు తిప్పాలో ఒక బొమ్మతో సహా పండక్కి ముందే ప్రచురించాలని కోరుతున్నాను. బొమ్మకి కారు, సైకిలు, గెలలు కావాలంటే మా షెడ్డు దగ్గరికి మీ ఫొటోగ్రాఫరుని పంపండి, అన్నీ సిద్ధంగా ఉంచుతాను.

ఇట్లు,
ఒక డ్రైవింగ్ శిక్షకుడు,
అంబాజీపేట, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా.